మైకెలాంజెలో కవిత్వంపై ఎవరేమన్నారో సరే, ఏ ప్రతి చదివి అన్నారు?

శిల్పి మైకెలాంజెలో రాసిన కవితల గురించి ఏ వ్యాసం చూసినా ఆయన కాలపు ఇటాలియన్ కవి బెర్ని, ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్, జర్మన్ కవి రిల్కే అందరినీ ఒకే గాటన కట్టేస్తారు. చూస్తే ఒళ్ళు మండుతుంది. వాళ్ళు చదివింది ఒకే పాఠం కాదు.

మైకెలాంజెలో బతికుండగా సంపుటి రాలేదు. 1540ల్లో స్నేహితుడు లుయిజి దెల్ రిచ్చోతో కలిసి కొన్ని కవితలు ఏరి పెట్టుకున్నాడు గానీ, 1546లో రిచ్చో పోవడంతో ఆ పని మూలపడింది. కవితలు రాతప్రతులుగానే చేతులు మారాయి. పాతకాలపు ఇటాలియన్ ప్రేమకవి పెట్రార్క్ బాణీలో రాసే కవులతో బెర్ని, 'ఆయన చెప్పేది విషయం, మీరు చెప్పేవి మాటలు' అన్నది అవి చదివే. పండితుడు వార్కి 1547లో ఫ్లోరెన్స్ అకాడమీలో ఉపన్యాసానికి ఎత్తుకున్న సానెట్ (పద్నాలుగు పాదాల కవిత) కూడా అచ్చయినది కాదు.

తిరకాసంతా 1623లో వచ్చింది. తమ్ముడి మనవడు (అతని పేరూ మైకెలాంజెలోనే) మొదటిసారి అచ్చు వేయిస్తూ, మగవాళ్ళకు రాసిన ప్రేమ కవితల్ని ఆడవాళ్ళకు రాసినట్టు తిప్పేశాడు. గరుకు పాదాల్ని నున్నగా చేశాడు. తాను ప్రేమించిన రోమన్ యువకుడు తొమ్మాసో కవాలియేరి మీద రాసిన ఒక సానెట్ చివర, 'ఆయుధం పట్టిన కవాలియేర్‌కి బందీనయ్యాను' అని ఉంటుంది. ఆ మాటకు గుర్రపు యోధుడని అర్థం, ఇంటిపేరు అందులోనే దాగుంది. అచ్చులో అది 'సద్గుణం ఆయుధంగా గల హృదయానికి బందీ' అయింది. బందీ మిగిలాడు, బంధించిన మనిషి మాయమయ్యాడు! ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

1863లో ఇటాలియన్ పండితుడు చేజరే గ్వాస్తీ కవి స్వదస్తూరీ ప్రతులు ముందు పెట్టుకుని పరిష్కరించేదాకా, అంటే 240 ఏళ్ళు, లోకం చదివింది ఆ దిద్దిన పాఠమే. డుప్పా రాసిన మైకెలాంజెలో జీవిత చరిత్ర (1806) కోసం కొన్ని కవితలు అనువదించిన వర్డ్స్‌వర్త్ ఇంత చిన్న చోట ఇంత అర్థం కూరితే ఇంగ్లిష్‌లోకి ఎలా తేవాలని తల పట్టుకున్నాడు. నునుపు చేసిన పాఠమే ఆయన్ని అంత తిప్పలు పెట్టిందన్న సంగతి ఎవరూ చెప్పరే! ఇంగ్లిష్ రచయిత జాన్ ఆడింగ్టన్ సైమండ్స్ మాత్రం 1878లో సానెట్లను గ్వాస్తీ పాఠం నుంచే ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు, 1623లో జరిగిన మార్పుల్నీ బయటపెట్టాడు. నా లెక్కలో ఆయనకు చెల్లాల్సిన గౌరవం ఇంకా చెల్లలేదు.

ఎవరి అభిప్రాయమైనా ఉటంకించే ముందు వాళ్ళు వాడిన ప్రతి ఏ ఏడాదిదో చూడండి. 1863కి ముందుదైతే పైన చెప్పిన సానెట్ చివరి పాదం తీసి, జిరార్ది 1960లో వేసిన 302 కవితల పరిష్కరణలో 98వ దానితో పోల్చండి. రిల్కే జర్మన్‌లోకి తెచ్చేనాటికి గ్వాస్తీదీ, 1897లో కార్ల్ ఫ్రై వేసినదీ రెండూ ఉన్నాయి. ఆయన మాటనూ వర్డ్స్‌వర్త్ మాటనూ పక్కపక్కన పెట్టేవాళ్ళు కనీసం ఆ ఏళ్ళయినా రాయాలి.