నేను ప్రతిపాదించానట!

ఇవాళ పదకొండున్నరకి మా మెడికల్ కాలేజీలో హిస్టాలజీ (కణజాలాల పాఠం) ప్రాక్టికల్లో ఉన్నాను. మైక్రోస్కోపుల్లో సగం పనిచేయవు, ఒక్కోదాని మీద ముగ్గురు పిల్లలు. ఒకమ్మాయికి కిడ్నీ స్లయిడ్లో గ్లోమెరులస్, అదే రక్తాన్ని వడకట్టే చిన్న ఉండ, చూపిస్తుంటే అటెండర్ వచ్చి రిజిస్టర్ చేతిలో పెట్టాడు. "కాలేజీ కౌన్సిల్ మినిట్స్ మేడమ్. ఇక్కడో సంతకం."

ఏ కౌన్సిల్ బాబూ? "మొన్న బుధవారం అయిపోయింది కద మేడమ్."

ఎవరికి అయిపోయిందో నాకైతే తెలీదు. మీటింగులో ఏం తేల్చారో రాసుకునే ఆ మినిట్స్ చదివితే ఏముందీ... అనాటమీ డెమో రూమును పరీక్షల సెల్‌కి ఇచ్చేయాలని అనాటమీ హెచ్‌ఓడీ (విభాగాధిపతి) ప్రతిపాదించారట. సభ్యులు కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించారట. అనాటమీ హెచ్‌ఓడీ అంటే ఎవరనుకున్నారు? నేనే! నా కొంపని నేనే రాసిచ్చేసి, చప్పట్లు కూడా నేనే కొట్టానన్నమాట.

ఆ ప్రతిపాదనని బలపరిచారని రాసిన సారైతే వారం రోజులుగా కాకినాడలో కూతురి పెళ్లి పనుల్లో ఉన్నారు. బుధవారం మధ్యాహ్నం ఆయన పంక్తిలో పూతరేకులు వడ్డిస్తున్న ఫొటో మా అందరి ఫోన్లలోనూ ఉంది. ఒక చేత్తో పూతరేకు, ఇంకో చేత్తో తీర్మానం. మహానుభావులు!

ఇంకో తమాషా. 2025 మే నుంచీ రోజూ గేటు దగ్గర ఫోను మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడుతున్నాం కదా, ఫేస్ అటెండెన్స్ అని. జీపీఎస్ కూడా చూస్తుంది. కళ్లద్దాలు తీస్తే నేను నేను కాదంటుంది. డెబ్భై అయిదు శాతం తగ్గితే ఫ్యాకల్టీ లెక్కలోంచి ఎగిరిపోతాం. మేం ఏ గేటు దాటామో ఢిల్లీకి తెలుసు. ఏ మీటింగులో కూర్చున్నామో మాత్రం గుమస్తా గారి దయ.

రూలు లేక కాదు. కాలేజీ కౌన్సిల్లో హెచ్‌ఓడీలు సభ్యులు, ప్రిన్సిపాల్ చైర్మన్, ఏడాదికి కనీసం నాలుగుసార్లు కూర్చోవాలి, కరికులం దగ్గర్నుంచి క్రమశిక్షణ దాకా అక్కడే తేల్చాలి. వైద్య విద్యకి రూళ్లు పెట్టే ఎంసీఐ ఉన్నప్పుడూ అదే, 2020లో దాని చోట ఎన్ఎంసీ వచ్చాకా అదే. నాలుగుసార్లూ కూర్చుంటున్నాం, కాగితం మీద. అమెరికాలో యూనివర్సిటీ ప్రొఫెసర్ల సంఘం వాళ్లు 1966లోనే ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో ప్రధానంగా పాఠం చెప్పేవాళ్ల బాధ్యతే అని రాసిపెట్టుకున్నారు. మా దగ్గర పాఠం చెప్పేవాళ్లకి ఏ గదిలో చెప్పాలో కూడా రిజిస్టర్ చూస్తే తప్ప తెలీదు.

గది పోతే పోయింది, చెట్టు కింద చెప్పుకుంటాం. నా కడుపుమంట ఇంకోటి.

ఉద్దానం ఏ జిల్లాలో ఉంది? మన శ్రీకాకుళంలోనే కదా. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు... కొబ్బరితోటల మధ్య ఇంటికొకరు డయాలసిస్ సంచి పట్టుకుని బస్సెక్కే ఊళ్లు. అక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు. 2019 ఎంబీబీఎస్ కరికులంలో ఎలక్టివ్ అని, పిల్లలు తమకి నచ్చిన అంశం ఎంచుకుని నేర్చుకునే అవకాశం వచ్చింది. మా పిల్లల్ని ఒక బ్లాకు, అంటే కొన్ని వారాలు, అక్కడికి పంపుదాం, మనుషుల్ని చూస్తారు, నీళ్లు చూస్తారు అని అజెండాలో పెట్టమని మూడుసార్లు రాసిచ్చాను. మూడుసార్లూ "ఇతర అంశాలు"లో వేశారు. ఇతర అంశాల దాకా వచ్చేసరికి సమోసాలు వస్తాయి. ఒకసారైతే పెద్దాయన నవ్వుతూ "మేడమ్ గారు బాగా ఎమోషనల్ అవుతారు" అన్నారు. గది విషయంలో మాత్రం ఎమోషన్ లేకుండా ప్రతిపాదించేశాను, చూశారా.

అన్నట్టు సమోసాల బిల్లు కూడా మినిట్స్‌కి పిన్ చేసి ఉంది. ఇరవై నాలుగు ప్లేట్లు. లేని మీటింగులో ఎవరు తిన్నారో గానీ, ఆకలి మాత్రం నిజమేనన్నమాట!

ఏ కాలేజీ అని ఇన్‌బాక్సులో అడక్కండి. కౌన్సిళ్లలో కూర్చున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, కూర్చోనివాళ్లకి చెప్పినా నమ్మరు.

సంతకం పెట్టలేదు. మూడింటికి అటెండర్ మళ్లీ వచ్చాడు. "ఏటి మేడమ్, ఇంకా అవ్వలేదేటి? అందరూ పెట్టేసినారు." చూశాను. నిజమే, అందరూ పెట్టేశారు. కాకినాడలో ఉన్నాయనతో సహా.