పటికమ్మకు నాలుగు ముక్కలు

పటికమ్మా,

నీకు చేతగాని పని ఉందంటే మా శ్రీకాకుళంలో ఎవరూ ఒప్పుకోరు. గుమ్మానికి వేలాడి దిష్టి తీస్తావు, సెలూన్‌లో గెడ్డం గీసినచోట చురుక్కుమనిపిస్తావు, నాగావళి ఎర్రగా పొంగిందంటే బిందెలో నాలుగు చుట్లు తిరిగి బురదంతా అడుక్కి దించేస్తావు. వాటర్ ప్లాంటుల్లో ఉద్యోగం వెలగబెడుతున్న అల్యూమినియం సల్ఫేట్ నీకు అన్నే కదా, బుద్ధులు ఒక్కటే కాబట్టి ఇద్దరికీ కలిపే రాస్తున్నా.

పని తెలిసినదానివే, కాదనను. మట్టి రేణువులన్నీ రుణావేశంతో ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వకుండా రోజుల తరబడి తేలుతుంటే, నువ్వొచ్చి ధనావేశంతో ఆ తగువు తీర్చి, జిగురు హైడ్రాక్సైడ్‌గా మారి, అన్నిటినీ ముద్దకట్టి కిందికి లాక్కుపోతావు. ఎంత మోతాదు వేయాలో తేల్చే జార్ టెస్టులో ముందు గిరగిరా, తర్వాత నెమ్మదిగా తిప్పుతుంటే బీకరులో సగ్గుబియ్యంలా పూసలు కడతావు చూడు, ముచ్చటేస్తుంది.

కానీ నీ దర్జా అంతా ఇంచుమించు పీహెచ్ (నీళ్ల పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6కీ 7.5కీ మధ్యనే! 5 కిందికి పడిందా, జిగురూ లేదు, పూసలూ లేవు. అల్యూమినియం అయాన్లుగా నీళ్లలో కరిగిపోయి, ఏమీ ఎరగనట్టు ఫిల్టరు దాటేస్తావు. తాగేనీటిలో అల్యూమినియం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 0.2 దాకా అని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్లు రాసిపెట్టారు, నీకేమో చదువు రాదాయె. పైగా తర్వాత పీహెచ్ పెరగ్గానే పైపుల్లో మళ్లీ తెల్లగా పేరుకుంటావు, తిట్లు మాత్రం వాల్వు తిప్పేవాడికి.

ఇంతకీ ఆ పులుపు తెచ్చేదెవరు? చాలాసార్లు నువ్వే. మీ అన్నదైతే ఒక్కో మిల్లీగ్రాము దాదాపు అర మిల్లీగ్రాము క్షారతను, అంటే నీళ్లలో పులుపును అడ్డుకునే గుణాన్ని, మింగేస్తుంది. వరద రోజుల్లో నీళ్లలో మట్టి ఎక్కువ, క్షారత తక్కువ. నీళ్లు తేరలేదని ఇంకో దిమ్మ వేస్తారు, అది మిగిలిన ఆ కాస్తా తినేస్తుంది, మళ్లీ తేరవు, మళ్లీ దిమ్మ. పక్కనే క్షారత పెంచే సున్నం బస్తా ఉంటుంది, దాని మొహం చూసేవాడుండడు. ముందు దాన్ని తగుమాత్రం కలిపితే నీ పరువు దక్కేది, ఖర్చూ తగ్గేది.

నిజం చెప్పాలి కదా, ఆకులు కుళ్లి దిగిన రంగును మాత్రం 5.5, 6 దగ్గర నువ్వే బాగా లాగుతావు. అంతకన్నా పులిసిన నీళ్లయితే నీ పనే చేసే ఇనుప లవణం ఫెర్రిక్ క్లోరైడుకి పని ఒప్పజెప్పి తప్పుకో. ఆయన 4 దగ్గర కూడా ముద్ద కడతాడు, కాకపోతే ఇనుప పైపుల్ని కొరుకుతాడు, లెక్క తప్పితే నీళ్లకి తుప్పురంగు పూస్తాడు. మీ కులంలో ఒక్కరైనా వంకలేనివాళ్లు లేరేటి?

ఇట్లు,
నాగావళి నీళ్లు తాగేవాడు