సవరణ: నిమ్హాన్స్‌కు తీసుకెళ్లే ముందు ఇంట్లోనే తాగుడు ఆపేయించకండి

బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తాగుడు మాన్పించే చికిత్స గురించి మేం ఇదివరకు పెట్టిన పోస్టులో ‘రెండు రోజులు మందు ముట్టనివ్వకుండా ఓపీకి తీసుకురండి’ అని ఉంది. ఆ వాక్యం తీసేశాం. దయచేసి అలా చేయకండి.

ఏళ్లుగా రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య చెమటలు, వణుకు, మతి తప్పిన మాటలు, దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరడం కనిపిస్తే అది ప్రాణాపాయం. ఓపీ టైము కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రి ఎమర్జెన్సీకైనా వెళ్లండి. ఇలాంటి వాళ్లకు గ్లూకోజ్ ఎక్కించే ముందే థయామిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి. అందుకే పరువు కోసం తాగుడు సంగతి దాచకండి. రోజుకు ఎంత, చివరిసారి ఎన్నింటికి, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, ఈ మూడూ డాక్టర్ అడగకముందే చెప్పండి.

తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ మాత్రను చెప్పకుండా అన్నంలో కలిపి పెట్టడం అసలు వద్దు. తెలియక దాని మీద తాగితే బీపీ పడిపోయి గుండె మీదికి వస్తుంది.

మనిషి ఆసుపత్రిలో చేరడానికి ఒప్పుకోకపోతే ఇంటివాళ్ల సంతకం ఒక్కటే చాలదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 89వ సెక్షన్ ప్రకారం ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి అవసరమని తేల్చాలి. అలా చేర్చుకున్నా మొదట 30 రోజుల వరకే. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.