చరిత్ర సంఘం వారి సముఖమునకు

మహారాజశ్రీ మా తిరుపతి పట్టణ చరిత్ర సంఘం వారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమేనని మొన్న పత్రికలో వచ్చిన సన్మానం ఫోటో చూసి తెలుసుకున్నాం. అందులో చరిత్రకు సంబంధించినది ఏదైనా ఉందేమోనని వెతికాను. వెనక బ్యానర్ మీద శ్రీకృష్ణదేవరాయలు ఉన్నాడు. పాపం, సగం ముఖం అధ్యక్షుల వారి తలపాగా చాటున పడింది.

మీ నియమావళి మొదటి పేజీ చదివినవాణ్ణి. శాసనాలకు నకళ్లు తీయడం, ఇళ్లలో మూలుగుతున్న దస్తావేజులు సేకరించడం, పెద్దవాళ్ల జ్ఞాపకాలు రాసిపెట్టడం. ఎంత చక్కటి ఆశయాలు! వాడకపోవడం వల్ల ఇంకా కొత్తవిగానే ఉన్నాయి.

మీ కృషిని తక్కువ చేయను. ఏటా ఆగస్టులో చెన్నై పుట్టినరోజు రాగానే ప్రకటన విడుదల చేస్తారు: చంద్రగిరి రాజుకు లోబడిన దామెర్ల నాయకుడు 1639లో ఇంగ్లీషు కంపెనీకి చోటివ్వబట్టే ఆ నగరం ఉందని. నిజమే. మరి అదే చంద్రగిరిలో కోటగోడ వెంట నడిచి, ఎక్కడ రాళ్లు జారాయో రాసుకొస్తామని బయలుదేరారు కదా, రాజమహల్ ముందు పులిహోర పొట్లాలు విప్పేసరికే పొద్దు గూకిందట.

తిరుమల గుడిలోని భోగశ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని పల్లవ రాణి సామవై సమర్పించినది 614లోనా, 966లోనా అని మీలో రెండు వర్గాలు. మూడున్నర శతాబ్దాల తేడాను మైకు ఎవరి చేతిలో ఉంటే వారు తేల్చేస్తున్నారు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి వంటి పండితుల చేత చదివించి, దేవస్థానం 1930లలోనే శాసన సంపుటాలు అచ్చు వేయించింది. వాటి దుమ్ము దులపడానికి మాత్రం రెండు వర్గాల్లోనూ ఎవరికీ తీరిక లేదు. కొండ మీది శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నవి. ఆ పాత లిపి చదవగలిగిన ఒక్క పెద్దాయననూ కార్యవర్గం నుంచి తప్పించారని విన్నాను. చందా బాకీ అట.

చిత్తూరు వైపు మీ సేవ ఇంకా గొప్పది. 1782 డిసెంబరు 7న నరసింగరాయనిపేట శిబిరంలో హైదరాలీ చనిపోతే, టిప్పు వచ్చేదాకా ఆ సంగతి సైన్యానికి తెలియకుండా దాచారు. ఆ రహస్యాన్ని ఇప్పటికీ నమ్మకంగా కాపాడుతున్నది మీరే. చిత్తూరులో బస్సు దిగి ఎవరినైనా అడిగి చూడండి.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది గాని, మీ బీరువా పంపకం నేటికీ తేలలేదు. ఎవరెవరో నమ్మి ఇచ్చిన పాత ఫోటోలూ, కరణాల లెక్కల పుస్తకాలూ అందులోనే ఉన్నాయి. తాళంచెవి మాజీ కోశాధికారి దగ్గర. చెదపురుగులు తాళంచెవి అడగవు, జిల్లా సరిహద్దూ చూడవు.

నిజం చెప్పాలంటే పాడుబడిన గుళ్లను మీకంటే శ్రద్ధగా తిరిగి చూస్తున్నవాళ్లు గుప్తనిధుల ముఠాలే. వాళ్లు అర్ధరాత్రి గడ్డపారలతో వెళతారు, మీరు మర్నాడు ఖండనతో వెళతారు. ముందే నకలు ఉంటే, పగిలిన రాయిలో ఏం పోయిందో అయినా తెలిసేది. అదేమీ బ్రహ్మవిద్య కాదు. అనుమతి తీసుకుని, రాయి కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. అంత శ్రమ వద్దనుకుంటే పొద్దుటి ఏటవాలు ఎండలో ఫోనుతో ఫోటో తీసినా చాలు, చెక్కడం లేచి కనిపిస్తుంది. మధ్యాహ్నం ముఖ్య అతిథి వచ్చాక తీస్తే మీరు కనిపిస్తారు.

ఇక అసలు సంగతి. మా వీధి చివర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. అక్కడ వేపచెట్టు కింద ఒక వీరగల్లు, అంటే పోరులో పడిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, ఉంది. కత్తి దూసిన వీరుడికి రంగులు పూసి మునీశ్వరుడని మొక్కుతున్నాం. పాదాల కింద అరిగిన అక్షరాల వరుసలున్నాయి. గుత్తేదారు సోమవారం యంత్రం తెస్తాడట. మీ కార్యవర్గ సమావేశం నెలాఖరున అని తెలిసింది. అందుకని మేమూ, వీధి పిల్లలూ ఆదివారం తెల్లవారగానే వెళ్లి ఫోటోలు తీసుకుంటాం, గుత్తేదారుతో మాట్లాడి రాయిని పక్కకు జరిపిస్తాం. రాదలిస్తే రండి. కుర్చీలు మాత్రం వేయము.

ఇట్లు,
చందా బాకీ ఉన్న మరో సభ్యుడు