సంక్రాంతి తర్వాత పుస్తకం తెరిచిన మేధావి

బెంగళూరు మారతహళ్లిలోని మా పీజీ హాస్టల్లో ఒక అవతార పురుషుడున్నాడు. మొన్న ఫిబ్రవరిలో సీఎఫ్ఏ లెవెల్ వన్ రాసి పాసయ్యాడు. పెట్టుబడులు, ఫైనాన్స్ రంగంలో పేరున్న పరీక్ష అది, మూడు లెవెళ్లు. పాసైతే పాసయ్యాడు, స్వీట్లు కూడా తిన్నాం. ఆ తర్వాత మెస్సులో పప్పుచారు పోసుకుంటూ అన్న మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

"ఏముందన్నా, సంక్రాంతి తర్వాతే బుక్కు తెరిచా. రోజుకు రెండు గంటలు. అంతా స్మార్ట్ వర్క్."

ఎంత సాగదీసి లెక్కేసినా 80 గంటలు. పరీక్ష పెట్టే సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూటేమో ఒక్కో లెవెల్‌కీ సగటున 300 గంటల పైమాటే అంటుంది. పాపం, వాళ్లకి మా పీజీ అడ్రసు తెలీదు.

తెలిసిందల్లా నాకే. ఆయనది నా పక్క మంచం. వినాయక చవితినాడు మేం ఉండ్రాళ్ల కోసం కింద తోసుకుంటుంటే, ఈయన పుస్తకాలకి పసుపు రాసి దేవుడి ముందు పెట్టాడు. డెరివేటివ్స్ పాఠం పేజీల అంచుకి ఆ మరక ఇప్పటికీ ఉంది. దసరాకి ఊరెళ్లలేదు, "ఆఫీసులో రిలీజుందమ్మా" అని ఫోన్లో చెప్పాడు. సిల్క్ బోర్డు దగ్గర బస్సు ఆగిపోతే కళ్లు మూసుకుని బాండ్ డ్యూరేషన్ ఫార్ములా గొణిగేవాడు. పక్క సీట్లో పెద్దావిడ హనుమాన్ చాలీసా అనుకుని దణ్ణం పెట్టుకుంది. రాత్రిళ్లు దుప్పటి కింద క్యాలిక్యులేటర్ టిక్కుటిక్కు. కార్తీక మాసంలో ఒకరోజు నిద్రలో "కన్వెక్సిటీ!" అని అరిచాడు. అమ్మాయి పేరేమో అనుకుని మేం వారం రోజులు ఏడిపించాం; తీరా చూస్తే అదీ బాండ్ల లెక్కేనట. కరెంటు బిల్లు పట్టుకుని నెల్లూరు ఓనరు "రాత్రి మూడింటికి లైటేసేది ఎవడ్రా?" అని మెట్ల మీద నిలబడి అరిచింది కూడా ఈ మహానుభావుడి గురించే.

ఇదంతా సంక్రాంతికి ముందు సంగతి. అంటే లెక్కలోకి రాదు కాబోలు.

అన్నట్టు, ఆ పరీక్షలో 15 నుంచి 20 శాతం ఎథిక్స్, అంటే నీతి నియమాలు. అందులో మావాడికి మార్కులు బాగా వచ్చాయట.

నవ్వుకుని వదిలేసేవాణ్ణే. కానీ మూడో ఫ్లోరులో మార్కాపురం కుర్రాడొకడున్నాడు. ఈయన మాట నమ్మాడు. నాన్న అప్పు తెచ్చి పంపిన డబ్బుతో డాలర్లలో ఫీజు కట్టి, సరిగ్గా నలభై రోజులు, రోజుకు రెండు గంటలు నిజాయితీగా చదివాడు. 180 ప్రశ్నలు, ఒక్కోదానికి తొంభై సెకన్లు. సగం ప్రశ్నలు చదివేలోపే టైమైపోయిందట. 2021 జులైలో నూటికి 22 మందే గట్టెక్కిన పరీక్షరా అది! ఆ సంగతి చెప్పినా వాడికి ఎక్కడం లేదు. "నా బుర్రే తక్కువేమో అన్నా" అంటున్నాడు. బుర్ర తక్కువేంటి? తన కష్టం బయటపడితే తెలివి తగ్గిపోతుందని నెలల చదువు దాచేసి అబద్ధం చెప్పాడే ఆ మేధావి, సిగ్గుండాల్సింది వాడికి! నెలల తరబడి నలిగానని ఒక్క ముక్క చెబితే వాడి సొమ్మేం పోయేది? ఈ పిల్లాడి డబ్బులైనా మిగిలేవి.

నిన్న ఆ మేధావిని అడిగాను, "రెండో లెవెల్ ఎప్పుడు మొదలెడతావు?" అని.

"ఇంకా ఆలోచించలేదన్నా" అన్నాడు. దిండు కింద ఏదో టిక్కుమంది.