లొంగిపోయినోళ్లకు చెక్కు సరే, తప్పిపోయినోళ్లకు ఏది?

మొన్న టీవీలో మళ్లీ అదే సీను. లొంగిపోయిన దళం వాళ్లు వరసగా నిలబడ్డారు. బల్ల మీద తుపాకులు పరిచారు. పెద్ద ఆఫీసర్లు చెక్కులిచ్చి ఫొటో దిగారు. 2026 మార్చి 31 కల్లా మావోయిజం లేకుండా చేస్తామని కేంద్ర హోంమంత్రి గడువు పెట్టిన దగ్గర్నుంచి ఇది అలవాటైపోయింది. లొంగిపోయినవాళ్లకు డబ్బులిస్తే నాకేం కడుపుమంట లేదు. తల మీదున్న రివార్డు ఆ మనిషి చేతికే ఇచ్చి బతుకు మళ్లీ మొదలుపెట్టుకో అనడం మంచి పద్ధతే. నా గొడవ ఆ ఫొటోలో ఎన్నటికీ పడనివాళ్ల గురించి.

మాది అమ్రాబాద్ వైపు, నల్లమల అంచున ఊరు. 2001 ఎండాకాలంలో మా పెద్దనాయన తునికాకు కల్లం దగ్గర పైసలు తెచ్చుకుంటానని పొద్దున్నే పోయాడు. ఇప్పటికీ రాలేదు. పోలీసులు తీసుకుపోయారని కొందరన్నారు. ఇన్‌ఫార్మర్ అని అన్నలే తీసుకుపోయారని ఇంకొందరు. లేదు, తనే లోపలికి పోయాడని మరికొందరు. ఇన్నేళ్లలో ఈ మూడింట్లో ఏది నిజమో మాకు ఎవరూ చెప్పలేదు. శవం దొరకలేదు. పేపర్లో ముక్క రాలేదు. ఆ రోజుల్లో స్టేషన్‌కు పోయి ఫిర్యాదు ఇవ్వడమంటే రాత్రికి అటువాళ్లు తలుపు కొడతారని భయం. అడవి వైపు అడిగి రమ్మని ఎవరినైనా పంపితే తెల్లారి ఇటువాళ్లు కొడతారని భయం. మా తాత ఏదీ చెయ్యలేదు. ఆయన్ని తప్పు పట్టే ధైర్యం నాకు లేదు.

పెద్దనాయన పేరు మీద 2 ఎకరాల 10 గుంటలు ఉంది. పెద్దమ్మే పత్తి వేస్తుంది, ఆమే ఏరుతుంది, ఆమే అమ్ముతుంది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన వచ్చింది, కొత్త పాస్‌బుక్కుకు ఆధార్ కావాలన్నారు. మనిషి పోయింది 2001లో, దేశంలో మొదటి ఆధార్ నంబర్ ఇచ్చింది 2010లో. ఎక్కడి నుంచి తేవాలి? పాస్‌బుక్కు లేదు కాబట్టి 2018లో ఎకరాకు 4,000 చొప్పున రైతుబంధు మొదలైతే అదీ రాలేదు. సరే, విరాసత్, అంటే భూమి వారసుల పేరు మీదికి మార్పించడం, చేయించుకుందామని పెద్దమ్మను ఒక ఆఫీసుకు తీసుకుపోయాను. డెత్ సర్టిఫికెట్ ఉందా అన్నారు. లేదు, మనిషి కనబడటం లేదన్నాను. అయితే కోర్టు నుంచి తెచ్చుకోండమ్మా అన్నారు. అన్నాయన చెడ్డవాడేం కాదు. పెద్దమ్మకు కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు. ఆయన దగ్గరున్న ఫారంలో రెండే గడులు: ఉన్నారు, లేరు. తెలియదు అనే గడి లేదు.

చట్టంలో దారి ఉందంటారు. ఏడేళ్లు మనిషి జాడ తెలియకపోతే చనిపోయినట్టు లెక్కగట్టే నియమం 1872 నాటి సాక్ష్య చట్టం నుంచీ ఉంది. కానీ ఆ లెక్క దానంతటది జరగదు. ఆఫీసువాళ్లు కోర్టు కాగితం అడుగుతారు. అంటే పెద్దమ్మ సివిల్ కోర్టుకు పోయి, వకీలు ఫీజు కట్టి, నా మొగుడు చచ్చిపోయాడని తీర్పు ఇవ్వండి అని అడగాలి. ఈ మాట ఆమెకు చెప్పింది నేనే. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సచ్చిండని నా నోటితోని నేనెట్ల చెప్తా బిడ్డా? సంపినోళ్లు చెప్పాలె. దాచిపెట్టినోళ్లు చెప్పాలె" అన్నది. మెడలో పుస్తె అట్లనే ఉంది. వితంతు పింఛన్‌కు ఆమె దరఖాస్తే పెట్టుకోలేదు. 2017లో ఒంటరి మహిళల పింఛన్ వచ్చాక అందులో పేరు ఎక్కించుకుంది. సర్కారు ఆమెను మొగుడు వదిలేసిన భార్యల వరసలో నిలబెట్టింది. పెద్దనాయన ఆమెను వదిలెయ్యలేదు కదా!

హింసలో నష్టపోయిన మామూలు జనానికి కేంద్రం స్కీమ్ ఒకటుంది. నక్సల్ హింసలో చనిపోతే కుటుంబానికి మొదట 3 లక్షలు ఇచ్చేవారు, 2016లో 5 లక్షలు చేశారు. బాగానే ఉంది. కానీ నక్సల్ హింసకు అది 2009 జూన్ నుంచి జరిగిన ఘటనలకే. నల్లమలలో నెత్తురు ఎక్కువ పారింది అంతకు ముందు. పైగా అది చనిపోయినవాళ్లకు, పనికి రాకుండా దెబ్బతిన్నవాళ్లకు. మాయమైనవాళ్లకు కాదు.

చూడండి, అందరికీ ఒక లిస్టు ఉంది. అడవిలో చనిపోయినవాళ్లకు ఎర్ర స్థూపాలున్నాయి. డ్యూటీలో చనిపోయిన పోలీసులకు అక్టోబర్ 21 సంస్మరణ దినం ఉంది. లొంగిపోయినవాళ్లకు చెక్కు ఉంది. అసలు ఆ చెక్కుతోనూ కథ అయిపోదని నల్గొండవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. భువనగిరి నయీం ఒకప్పుడు నక్సలైట్ పార్టీ మనిషి. 2016 ఆగస్టులో షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్ అయ్యేనాటికి పేరు చెప్తే జనం భూములు వదిలేసి పోయే గ్యాంగ్‌స్టర్. లొంగిపోయి రాజకీయాల్లోకి వచ్చిన సాంబశివుడిని 2011లో చంపారు. ఆయన సోదరుడు రాములును 2014లో చంపారు. లొంగిపోయినవాడు ఆ తర్వాత ఎట్లా బతుకుతున్నాడు, ఎవరి చేతిలో పడుతున్నాడు అని చూసే డిపార్ట్‌మెంట్ ఎక్కడుంది?

అన్నిటికీ మూలం ఒకటే అనిపిస్తుంది. మన దగ్గర జరిగినదాన్ని యుద్ధం అనరు, శాంతిభద్రతల సమస్య అంటారు. యుద్ధమే జరగనప్పుడు యుద్ధం తర్వాత చెయ్యాల్సిన పనులు ఎక్కడివి? 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య నాలుగు రోజులు చర్చలు జరిగాయి. రిటైర్డ్ ఐఏఎస్ ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి రెండు వైపులా తిరిగి సాధించిన చర్చలవి. మూడు నెలలు తిరగకముందే, 2005 జనవరిలో మళ్లీ మొదటికొచ్చింది. ఒప్పందమే లేదు, ఇక అందులో మా పెద్దనాయన లాంటివాళ్ల మాట ఎట్లా ఉంటుంది?

ఒప్పందాలు చేసుకున్న దేశాలు మాత్రం బాగా చేశాయా అంటే, అదీ లేదు. నేపాల్‌లో 2006 నవంబర్‌లో సంతకాలయ్యాయి. ఐక్యరాజ్య సమితి వాళ్లొచ్చి మావోయిస్టు సైనికులను ఒక్కొక్కరినీ లెక్కపెట్టి 19,602 మంది అని తేల్చారు. అంత పక్కా లెక్క. మాయమైనవాళ్ల మీద కమిషన్ వెయ్యడానికి మాత్రం 2015 దాకా ఆగారు. తుపాకీ ఉన్నవాడితో ప్రభుత్వానికి తొందర పని ఉంటుంది, ఎదురుచూసే ఆడమనిషితో ఏం తొందర?

శ్రీలంకలో 2009 మేలో యుద్ధం అయిపోయింది. రోడ్లు వచ్చాయి, 2014లో యాళ్పాణానికి (జాఫ్నా) రైలు మళ్లీ నడిచింది, మన దేశమే అక్కడ వేల ఇళ్లు కట్టించింది. అయినా 2017 ఫిబ్రవరిలో కిళినొచ్చిలో తమిళ తల్లులు ఫొటోలు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నారు, ఏళ్లకేళ్లు లేవలేదు. మా పిల్లలను మీ చేతికే అప్పగించాం, ఎక్కడ? అన్నదే సైన్యానికి వాళ్ల ప్రశ్న. 2020లో అప్పటి అధ్యక్షుడు గొటబాయ రాజపక్స, తప్పిపోయినవాళ్లు నిజానికి చనిపోయారు, డెత్ సర్టిఫికెట్లు ఇప్పిస్తాం అన్నాడు. ఆ తల్లులు ఒప్పుకోలేదు. వాళ్లన్న మాటలు చదువుతుంటే మా పెద్దమ్మ తమిళంలో మాట్లాడినట్టే ఉంది.

కానీ అదే శ్రీలంకలో ఒక మంచి పని జరిగింది. 2016లో చట్టం మార్చి, డెత్ సర్టిఫికెట్ బదులు మనిషి ఆచూకీ లేదని ఒక సర్టిఫికెట్ ఇచ్చే వీలు పెట్టారు. దాంతో ఆస్తి వ్యవహారాలు చూసుకోవచ్చు, సాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. చచ్చిపోయాడని ఎవరూ సంతకం పెట్టనక్కర్లేదు. అర్జెంటీనా 1994లోనే ఇలాంటి చట్టం చేసింది. మనుషులను మాయం చెయ్యడంపై 2006లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందంలోనూ ఇంటివాళ్ల ఆస్తి హక్కు, సంక్షేమం చూడాలని రాసి ఉంది. మన దేశం 2007లో దాని మీద సంతకం పెట్టి, ఇప్పటిదాకా ఆమోదించకుండా పక్కన పెట్టింది.

నేను అడిగేది పెద్దదేం కాదు. చంపిందెవరో ఇప్పుడే తేల్చమని కూడా అనడం లేదు, అది వేరే పోరాటం. మండలం స్థాయిలో ఒక విచారణ, ఊరివాళ్ల వాంగ్మూలం, ఆచూకీ లేదని ఒక కాగితం. ఆ కాగితం చూపిస్తే పాస్‌బుక్కు సాగు చేసేవాళ్ల పేరు మీదికి రావాలి. ఒకవేళ మనిషి తిరిగొస్తే? మా పెద్దమ్మ ఆ భూమి ఇవ్వనంటుందా!

రేపు సోమవారం, ఆఫీసర్లు అర్జీలు తీసుకునే ప్రజావాణి. ఇంకో దరఖాస్తు రాస్తున్నాను. భర్త పేరు దగ్గర ఆగిపోయి, "పెద్దమ్మా, ముందర శ్రీ అని పెట్టాల్నా, కీర్తిశేషులు అని పెట్టాల్నా?" అని అడిగాను.

"ఉత్త పేరు రాయి" అన్నది.