టింకరింగ్ ల్యాబ్ తాళం పాఠంతోనే తెరవాలి

వచ్చే ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో 50 వేల అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు (పిల్లలు పరికరాలతో తమ చేతులతో చేసి నేర్చుకునే గదులు) పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. 2016లో మొదలైన ఈ పథకం కింద ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా సాయం అందేలా రూపొందించారు. అందులో పది లక్షలు పరికరాలకు, పది లక్షలు ఐదేళ్ల నిర్వహణకు. అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాలకు వీటిలో ఎన్ని వస్తాయన్నది ఒక ప్రశ్న. వచ్చిన గదిలో పిల్లలు ఏం చేస్తారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. దాన్ని పదిమంది చురుకైన పిల్లలకు, సైన్స్ ప్రదర్శన రోజులకు వదిలేస్తే ఆ డబ్బు తరగతికి చేరనట్టే. ప్రతి పరికరమూ ఏదో ఒక పాఠానికి, ఏదో ఒక పీరియడ్‌కు ముడిపడి ఉండాలి. ఈ సీమలో అలా ముడిపెట్టడానికి నీళ్లకు మించిన విషయం లేదు: వాన, నేల పదును (మట్టిలోని తడి), బోరు.

మొదటి పనికి కరెంటు కూడా అక్కర్లేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్‌ను మెడ కింద, నిటారు భాగం మొదలయ్యే చోట కోసి, పై ముక్కను గరాటులా తలకిందులుగా దించితే వానమాపకం తయారవుతుంది. బాటిల్ అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి అక్కడ గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి సున్నా గీత పెట్టాలి. కోసిన నోటి వ్యాసం 10 సెంటీమీటర్లయితే వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరు వానకు 7.85 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. సూది లేని సిరంజితో 78.5 మిల్లీలీటర్లు పోస్తే మట్టం సరిగ్గా 10 మిల్లీమీటర్లు లేవాలి. లేవకపోతే వ్యాసం తప్పు కొలిచారన్నమాట. వృత్త వైశాల్యం పాఠానికి ఇంతకన్నా మంచి లెక్క దొరకదు.

దీన్ని గోడ పక్కనా, చెట్టు కిందా పెట్టకూడదు. దగ్గర్లోని అడ్డం ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో ఉంచాలి. మన ఎండలకు సున్నా గీత దగ్గరి నీళ్లు ఆవిరైపోతాయి, అందుకే రోజూ రీడింగ్ తీసుకున్నాక మళ్లీ గీత దాకా నింపాలి. ఇది మరిచిపోతే చిన్న జల్లులు లెక్కలోకే రావు. ఉదయం 8.30కి చూసి రాస్తే మండలం లెక్కతో పోల్చుకోవచ్చు. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాతావరణ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కిస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే అనంతపురంలో, మండల కేంద్రంలో కురిసిన వాన తమ ఊళ్లో ఎంత కురిసిందో పిల్లలే అంకెల్లో చూస్తారు.

ఆ తర్వాత నేల పదును. ఆర్డుయినో ఊనో అనే, ప్రోగ్రాం రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు పదును సెన్సర్ తగిలిస్తే 0 నుంచి 1023 మధ్య ఒక అంకె వస్తుంది. మార్కెట్లో దొరికే మామూలు సెన్సర్లలో తడి పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. సాధారణంగా ప్రయోగం ఇక్కడితోనే ముగిసిపోతుంది. సెన్సర్‌ను గ్లాసు నీళ్లలో ముంచితే పంపు ఆగుతుంది, పైకి తీస్తే తిరుగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. 600 అంటే ఎంత పదునో ఎవరూ అడగరు. అసలు పాఠం మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే.

దానికి జవాబు పిల్లలే కట్టుకోవచ్చు. పొలం నుంచి తెచ్చిన మన్నును జల్లెడ పట్టి, ఇనుప పెనంలో సన్న సెగ మీద కలుపుతూ, వరుసగా రెండుసార్లు తూచినా బరువు మారకుండా ఉండేదాకా ఆరబెట్టాలి. పొయ్యి పని టీచరుదే, పిల్లలది కాదు. ఆరిన మన్ను 500 గ్రాముల చొప్పున ఐదు డబ్బాల్లో పోసి, ఒకదాన్ని అలాగే ఉంచి, మిగతావాటిలో 25, 50, 75, 100 మిల్లీలీటర్ల నీళ్లు కలపాలి. అప్పుడు 0, 5, 10, 15, 20 శాతం పదును ఉన్న మన్ను చేతిలో ఉన్నట్టే. మూతపెట్టి ఒక రాత్రి వదిలేస్తే తడి సమంగా పాకుతుంది. మర్నాడు అన్నిటినీ ఒకేలా అదిమి, సెన్సర్‌ను ఒకే లోతుకు గుచ్చి, డబ్బాకు మూడేసి రీడింగులు తీసి గ్రాఫు గీయాలి. ఆ రోజు ఊళ్లోని ఒక రైతును పిలిచి ఐదు డబ్బాల్లో మన్ను పిడికిట పట్టి చూడమనాలి. బుడ్డలు (వేరుశనగ) విత్తే పదును ఏ డబ్బాలో ఉందో ఆయన చెబుతారు. గ్రాఫు మీద ఆ చోట గీత పెడితే సెన్సర్ అంకెకు అర్థం వస్తుంది.

ఆ గీత ఆ నేలకే చెల్లుతుంది. 15 శాతం నీళ్లున్న ఎర్ర గరప నేలలో మొక్క పచ్చగా నిలుస్తుంది. అదే 15 శాతం ఆదోని వైపు నల్లరేగడిలో ఉంటే మొక్క వాడిపోతుంది, ఎందుకంటే బంకమట్టి ఆ నీటిని వేరుకు వదలదు. పైగా రేగడి ఎండితే నెర్రెలిస్తుంది. సెన్సర్ పక్కన సందు ఏర్పడి, నేలలో తడి ఉన్నా ఎండిందనే చూపిస్తుంది. ఎరువు వేసిన మడిలోనో, ఉప్పు బోరు నీళ్లు పారిన చోటో తంతు తిరగబడుతుంది. లవణాలు కరెంటును తేలిగ్గా పోనిస్తాయి కాబట్టి, రెండు లోహపు పుల్లలున్న చౌక రకం సెన్సర్ ఆరిన నేలను కూడా తడి అంటుంది. ఈ రకానికి ఎప్పుడూ కరెంటు ఇచ్చి ఉంచితే విద్యుద్విశ్లేషణ వల్ల పుల్లల పూత కొద్ది రోజుల్లోనే కరిగిపోతుంది. అరగంటకోసారి, రీడింగ్ తీసే ఒక్క సెకను మాత్రమే కరెంటు అందేలా ప్రోగ్రాం రాయాలి. కెపాసిటివ్ రకం (నేల గుండా కరెంటు పారించకుండా, విద్యుత్ నిల్వలో మార్పును బట్టి తడిని కొలిచేది) కొంటే లోహం బయటికి ఉండదు, కానీ పైభాగంలో సర్క్యూట్ తెరిచి ఉంటుంది. దానికి గోళ్ల రంగు రెండు పూతలు వేయాలి. ఇక్కడ చెడిపోయే ప్రతి సెన్సరూ రసాయన శాస్త్రం పాఠమే, దాన్ని చెత్తబుట్టలో వేయకుండా తరగతిలో చూపించాలి.

చిన్న పంపు నడపబోతే బోర్డు పదేపదే రీసెట్ అవుతుంది. కారణం తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ. మోటారు లాగే కరెంటును అది ఇవ్వలేక వోల్టేజీ పడిపోతుంది. పంపుకు విడిగా నాలుగు పెన్సిల్ సెల్లులు పెట్టి రిలే (బోర్డు ఇచ్చే చిన్న కరెంటుతో మోటారును కలిపే, ఆపే స్విచ్) ద్వారా నడిపితే సరిపోతుంది. బోర్డును కంప్యూటర్ గుర్తించలేదంటే ముందు కేబుల్ మార్చి చూడాలి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు బడుల్లో ఎక్కువ కనిపిస్తాయి.

ఇవన్నీ కనిపెట్టాలంటే వోల్టేజీ, కరెంటు కొలిచే మల్టీమీటర్ కావాలి. జట్టుకొకటి ఉండాల్సిన ఆ పరికరం గదికంతా ఒకటే ఉంటుంది, పక్కన త్రీడీ ప్రింటర్ మాత్రం గొప్పగా నిలబడి ఉంటుంది. చిన్న వస్తువు ముద్రించడానికే అరగంట, గంట పట్టే యంత్రం నలభైమంది తరగతికి ఏ మూలకు వస్తుంది? దానిలో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెలలో ఎండలో ఆపిన కారులో పెడితే వంగిపోతుంది. ముందు మల్టీమీటర్లు, పట్టకార్లు, రంపం, వైర్లు, సెల్లులు కొనాలి. ప్రింటర్ తర్వాత చూసుకోవచ్చు.

నలభైమందిని నలుగురేసి పది జట్లు చేసి, వారానికోసారి రెండు పీరియడ్లు కలిపి ఇవ్వాలి. ఒక్క పీరియడ్‌లో వైర్లు తగిలించి విప్పేసరికే గంట కొడతారు. జట్టులో పనులు వారం వారం మారాలి. లేకపోతే స్క్రూడ్రైవర్ మగపిల్లల చేతిలో, నోటు పుస్తకం ఆడపిల్లల చేతిలో ఏడాదంతా ఉండిపోతాయి. ఇది చూసీ చూడనట్టు వదిలేయాల్సిన విషయం కాదు. ప్రాజెక్టు మార్కులు కూడా కొనితెచ్చిన థర్మోకోల్ నమూనాలకు కాక, ఏది ఎందుకు పనిచేయలేదో రాసిన పేజీకి పడాలి.

బోరు నీళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. టీడీఎస్ మీటర్ చౌక, వాడకం తేలిక, కానీ అది చూపేది కరిగిన లవణాల మొత్తాన్నే. అనంతపురం పల్లెల్లో అసలు భయం ఫ్లోరైడ్. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని ప్రమాణం. మీటర్ మీద 300 కనిపించినా ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండొచ్చు. ఆ అంకె చూసి పిల్లలు నీళ్లు మంచివని ఊళ్లో చెబితే హాని జరుగుతుంది. నమూనాను గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపి, ఆ ఫలితాన్ని మీటర్ అంకె పక్కన రాయించాలి.

శిక్షణ పొందిన ఒక్క టీచరు బదిలీ అయితే గది మూతపడుతుంది. అందుకే ప్రతి బడిలో ఇద్దరికి, వీలైతే ఒకరు సైన్స్, ఒకరు లెక్కల టీచరుకు, శిక్షణ ఇవ్వాలి. బుక్కపట్నం, బి.తాండ్రపాడు, రాయచోటి డైట్‌లలో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో) చదివే కాబోయే టీచర్లు ఈ ఐదు డబ్బాల ప్రయోగం తమ చేతులతో చేసి బయటికి రావాలి. మిగతా సాయం ఊళ్లోనే ఉంది. మోటారు వైండింగ్ షాపతను, డ్రిప్పు బిగించే మెకానిక్, ధర్మవరంలో మగ్గం మరమ్మతు చేసేవారు రిలే గురించి, లీకుల గురించి, లివర్ల గురించి ఏ వీడియో కన్నా బాగా చూపిస్తారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య ఎప్పుడైనా పది రోజులు సంచీ లేకుండా పిల్లలు స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. ఆ పనివాళ్లకు పూట కూలి ఇవ్వడానికి నిర్వహణ సొమ్ములో ఒక పద్దు పెట్టాలి. షాపు కట్టేసి ఊరికే రమ్మంటే ఒకసారి వస్తారు, నెలనెలా రమ్మనడం న్యాయం కాదు.